తీతువవ్వకు సన్మానం

నల్లగుండ్ల గుట్ట కింద బీడులో మేసే జీవాలన్నిటికీ ఒకటే కాపలా, తీతువవ్వ. పిడికెడు పిట్ట. రోజూ పొద్దు గూకే వేళకి గుట్ట చుట్టూ ఎగిరి వచ్చేది. చిరుత జాడ కనబడితే గొంతు చించుకుని కూసేది. ఆ కూత విని దుప్పులూ కుందేళ్ళూ పరుగు తీసి బతికేవి. ఎవరూ అప్పగించిన పని కాదు, ఎవరూ ఇచ్చే కూలి లేదు. ఒక ఏడు ఆమె కూతకి బెదిరి పరుగెత్తిన దుప్పుల గిట్టల కింద ఆమె గుడ్లే చితికిపోయాయి. మర్నాటి సాయంత్రం మళ్ళీ గుట్ట చుట్టి వచ్చింది.

అంత చేసినా, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, బీడులో ఆమె ఊసెత్తినవాళ్ళు లేరు. పైగా "తీతువు కూసింది, ఎవరికో మూడింది" అని చీదరించుకునేవాళ్ళు. మూడకుండా కాచింది ఎవరో మాత్రం ఆలోచించరు. లోకం తీరే అంత.

ఆమె విలువ బాగా తెలిసింది ఒక్క చిరుతకే. పస్తులుంటున్నది అదే కదా!

"ఆ పిట్టను చంపేస్తే పోదా?" అంది చిరుత.

"గాల్లో తిరిగేదాన్ని ఎలా పడతాం, దొరా? ముందు కూర్చోబెట్టాలి" అంది దాని ఎంగిలి తిని బతికే నక్క.

"ఎలా కూర్చోబెడతావు?"

"సన్మానం చేసి. బీడు బీడంతా ఒక్కచోటికి వస్తుంది. గాలి వాలు చూసుకుని తుప్పల చాటున రండి. నా వాటా మాత్రం మరిచిపోకండి."

నక్క నేరుగా దుప్పుల పెద్ద దగ్గరికి పోయింది. "మామా, జీవితమంతా మనకోసం గొంతు అరగదీసుకుంది అవ్వ. ఒక దండైనా వేశామా?"

దుప్పి మామ తల దించుకున్నాడు. "నిజమే అల్లుడూ. మాకు తట్టనేలేదు. సిగ్గుగా ఉంది."

"పొద్దునపూట పెట్టుకుంటే బాగుంటుందేమో?" అంది పక్కనున్న కుందేలు.

"పెద్దల సభలు ఎండలో జరుగుతాయా, పిచ్చిదానా? చల్లబడ్డాకే!" అంది నక్క.

అవ్వ మొదట ఒప్పుకోలేదు. "నాకెందుకు నాయనా ఇవన్నీ?" అంది. "కాదనకు అవ్వా, మా మొహం చూసైనా రా" అని దుప్పి మామ బతిమాలాడు. పాపం, అతని మనసులో కల్మషం లేదు. అది చూసే ఆమె సరేనంది.

సాయంత్రం చదునైన బండ మీద అవ్వను కూర్చోబెట్టారు. మోదుగాకులు కుట్టిన శాలువా కప్పారు. నక్క తానే దగ్గరుండి తంగేడుపూల దండ వేసింది. ఆమె మెడకి అది దండ కాదు, మోపు. రెక్క కదలలేదు.

"పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి, అవ్వను కళ్ళారా చూడాలి" అంది నక్క. "ఇంకో మాట. సభ ముగిసేదాకా సన్మానం అందుకున్నవారు లేవకూడదు, నోరు విప్పకూడదు. అది మర్యాద."

ఇక ఉపన్యాసం మొదలైంది. త్యాగమూర్తి అంది, అడవితల్లి అంది. తేనె పూసిన కత్తి ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజు వినాల్సిందే. దుప్పులు కన్నీళ్ళు తుడుచుకున్నాయి. పడమట ఎరుపు తగ్గింది. అవ్వకు కూర్చున్నచోట నిలకడ లేకపోయింది.

"నాయనా, పొద్దు గూకింది. గుట్ట చుట్టి రావాలి."

"ఈ ఒక్కపూటా నీ పని మేం చూసుకుంటాం, అవ్వా!" అంది నక్క.

"సంతోషం. ఎవరు చూస్తున్నారు?"

సభలోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ సన్మానానికి వచ్చినవాళ్ళే, కాపలాకి పోయినవాళ్ళు లేరు.

"కాసేపు ఓపిక పట్టు, అవ్వా. ఇంతమంది వచ్చారు, మధ్యలో లేస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు దుప్పి మామ నెమ్మదిగా.

"ఇంతమంది ఒక్కచోట ఉన్నారనేరా నా భయం." అవ్వ కుందేలు వైపు తిరిగింది. "కుందేలమ్మా, ఈ దండ కొరికెయ్యి తల్లీ."

"దండ తెంపితే అశుభం!" అని నక్క అరిచింది.

కుందేలు ఆ అరుపులో భయాన్ని పసిగట్టింది. ఒక్క గెంతున బండెక్కి దారం పటుక్కున కొరికింది. శాలువా జారిపోయింది. అవ్వ లేచింది, రెండు బారలు ఎగిరిందో లేదో, తుప్పల్లో పసుపు ఒంటి మీద నల్లమచ్చలు కనబడ్డాయి.

ఆమె కూసింది. బతుకంతా కూసిన కూతలన్నీ కలిపి కూసినట్టు కూసింది.

తల్లులు పిల్లల్ని ముందుకు నెట్టుకుంటూ పల్లంలోకి దూకాయి. చిరుత లంఘించేసరికి అక్కడ తొక్కిన గడ్డి తప్ప ఏమీ లేదు. బండ మీద మాత్రం నక్క ఒక్కటే నిలబడి ఉంది.

"దొరా, నేను... నేను మీ మనిషిని!"

"ఆకలికి ఎవరి మనిషైనా ఒకటే" అంది చిరుత. చెడపకురా చెడేవు అని ఊరికే అన్నారా!

మర్నాడు దుప్పి మామ, కుందేలు, మిగిలిన జీవాలన్నీ వచ్చి అవ్వ ముందు తలవంచాయి. "ఈసారి మంచిగా చేస్తాం, అవ్వా. కొత్త శాలువా కుడతాం."

"వద్దురా. నా కళ్ళు మసకబారాయి. నిన్న తుప్పలు దగ్గర కాబట్టి కనబడింది గానీ, గుట్ట మీద నాకేమీ ఆనడం లేదు. చాన్నాళ్ళుగా అదే దిగులు. నేను పోయాక మీ పిల్లలకోసం ఎవరు కూస్తారు?"

ఆ సాయంత్రం దుప్పి మామ తానే గుట్టెక్కి నిలబడ్డాడు. కుందేలు పల్లంలో చెవులు నిక్కించి కూర్చుంది. కింద గులకరాళ్ళ మధ్య తీతువవ్వ రెక్కలో తల దాచుకుంది. ఊహ తెలిశాక ఆ వేళకి ఆమె కునుకు తీయడం అదే మొదలు.

నీతి: సేవ చేసినవారికి నిజమైన సన్మానం, వారి పనిని మనం అందుకోవడమే.