నలభై ఒక్క తప్పుల విమానం

ఇక క్లాసు మానేస్తానని ఖాదర్ వలీ అన్న రోజు హైమవతికి అన్నం సహించలేదు.

ఆ క్లాసు అల్వాల్‌లో, ఆయన డాబా మీది రేకుల గదిలో, ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలయ్యేది. పెట్టెల్లో విడి ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ విమానాలను అతికించి, రుద్ది, రంగులేసి, అసలు విమానాన్ని జానెడు బొమ్మలో చూపించడం అక్కడి చదువు. ఖాదర్ వలీ వైమానిక దళంలో ముప్పై ఏళ్ళు విమానాల ఒంటికి రేకులు బిగించి రిటైరైన మనిషి. నంద్యాల వైపు వాడు. పనిలో ఆయన్ని మించినవాడు లేడని అందరూ ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు.

"డెబ్బై నాలుగు నిండినాయి. చెయ్యి వణుకుతాంది," అన్నాడాయన. "బీరువా తాళంచెవి ఎవరికన్నా ఇచ్చేస్తా. తీసుకునేవాళ్ళు లేకుంటే గదికి తాళమేసేస్తా."

బీరువాలో ఆయన పనిముట్లు, ఇంకా అతికించని ముప్పై నలభై విమానాల కిట్లు ఉన్నాయి. ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే క్లాసు వాళ్ళది.

హైమవతి ఇంటర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. మూడేళ్ళ కిందట అమ్మ పోయాక ఆదివారాలు గడవక మీదపడి కరిచేవి. ఈ రేకుల గది దొరికాకే ఆమె మళ్ళీ మనుషుల్లో పడింది. ఆ గది మూతపడుతుందంటే దిగులు పుట్టింది నిజమే. కానీ అంతకంటే పెద్ద దిగులు ఇంకోటుంది. తాళంచెవి యాదగిరికి పోతుందేమోనని.

యాదగిరి ఏసీలు బాగుచేసే మెకానిక్. మంచివాడే. కాకపోతే కిట్టుతో వచ్చిన కాగితంలో ఏముంటే అదే చేస్తాడు, వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడు. హైమవతి అలా కాదు. ఏటా వేసవిలో కట్టలకు కట్టలు పేపర్లు దిద్దిన చెయ్యి ఆమెది. తప్పు ఏ మూల దాక్కున్నా ఆమె ఎర్ర పెన్ను వాసన పట్టేస్తుంది. ఏ కిట్టు చేతికిచ్చినా ముందు వెర్నియర్ స్కేలు పెట్టి కొలుస్తుంది. అసలు విమానం కొలతలు పక్కన పెట్టుకుని ఈకకు ఈక, తోకకు తోక పీకుతుంది.

ఉస్తాద్ పద్ధతి చూస్తే ఆమెకు లోలోపల నవ్వొచ్చేది. పెట్టె తెరిచాక ఆయన ముక్కల్ని ముట్టుకోనే ముట్టుకోడు. లోపలి కాగితం తీసి బల్ల మీద పరిచి, మొద్దు పెన్సిలుతో అందులోని బొమ్మలన్నిటినీ గీతకు గీత దిద్దుతాడు, పిల్లలు పలక మీద అ, ఆలు దిద్దినట్టు. ఒక్కో కాగితానికి రెండు పూటలు పట్టేది. నిజం విమానాలు బాగుచేసిన మనిషికి ఇదేం చాదస్తమో అనుకునేది.

"ఉస్తాద్, తాళంచెవి నాకివ్వండి," అని ఆ ఆదివారమే అడిగేసింది. మొహమాటపడే రకం కాదు.

ఆయన బీరువా అడుగు అరలోంచి మూలలు నలిగిన పెట్టె ఒకటి తీశాడు. కాన్‌బెర్రా బాంబర్. ఆయన ఉద్యోగంలో సగం దాని రెక్కల కిందే గడిచింది. ఆ కిట్టు పోతపోసిన విదేశీ కంపెనీ ఏనాడో మూతపడింది.

"ఇది చేసి తే, టీచరమ్మా. అప్పుడు చూస్తాం."

"ఎలా చెయ్యమంటారు?"

"నిలబడేట్టు చెయ్యి."

ఇదీ ఒక పరీక్షేనా అనుకుంది హైమవతి. పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది.

తెరిచిన గంటలో పన్నెండు తప్పులు దొరికాయి. విమానం ఒళ్ళు నాలుగు మిల్లీమీటర్లు పొట్టి. రెక్కల వెనక అంచు చపాతీ అంత మందం. ఇంజన్ల నోళ్ళు గుండ్రంగా ఉండాల్సింది పోయి కోలగా ఉన్నాయి. రేకుల అతుకులు సన్నటి గాడి పడి ఉండాలి కదా, ఇక్కడ నరాల్లా పైకి ఉబ్బి ఉన్నాయి. కాగితంలో అచ్చేసిన బొమ్మల్లో అయితే ఎడమ చక్రాన్ని కుడివైపు చూపించారు. అది చూశాక ఆమె ఇక మిగతా బొమ్మలు చూడలేదు. ఎర్ర పెన్ను తీసి ఈ మూల నుంచి ఆ మూలకు రెండు గీతలు కొట్టేసింది.

మరుసటి ఆదివారం క్లాసులో ఆ కాగితాన్ని అందరికీ చూపించి, ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది.

"మేడమ్, పారేస్తున్నరా?" అన్నాడు యాదగిరి. "మొత్తం సదివిన్రా?"

"తప్పుల తడక, యాదగిరీ. చదివితే ఉన్న మతి పోతుంది."

ఉస్తాద్ టీ తాగుతూ చెత్తబుట్ట వైపు చూశాడు.

తర్వాత అయిదు నెలలు హైమవతి కళ్ళలో వత్తులు వేసుకుని పనిచేసింది. రెక్కల వెనక ఒళ్ళు అడ్డంగా కోసి, నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క చొప్పించింది. పుట్టీ పెట్టింది, రుద్దింది, కళ్ళు మూసుకుని వేలితో తడిమింది, గరుకు తగిలితే మళ్ళీ పుట్టీ పెట్టింది. తోక రెక్క పూర్తిగా కొత్తది చేసింది. ఉబ్బిన గీతలన్నీ చెక్కేసి, సూదితో ఒక్కొక్క గాడీ గీసింది. సరిచేసిన ప్రతిదాన్నీ నంబరు వేసి నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ అయిదు నెలలూ ఆమెకు నిజంగా హాయిగా గడిచాయి.

ఒళ్ళు రెండు సగాలూ కలిపి అతికించింది మాత్రం క్లాసులోనే. జిగురు సీసా మూత తీస్తుంటే ఉస్తాద్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"లోపల పనంతా అయిపాయనా?"

"అయింది, ఉస్తాద్."

"ఒకతూరి మూస్తే మళ్ళీ తెరవలేం. చూసుకున్నావా?"

"చూసుకున్నాను," అంది. ఒకటికి రెండుసార్లు అడిగినందుకు కొంచెం చురుక్కుమంది కూడా.

చక్రాలు అన్నిటికంటే చివర, ఒక శనివారం సాయంత్రం అతికించింది. జిగురు కదలకుండా విమానాన్ని స్పంజి మీద వెల్లకిలా పడుకోబెట్టింది. పొద్దున్నే అలాగే పెట్టెలో పెట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని అల్వాల్ తెచ్చింది.

క్లాసులో ముందు నోటుపుస్తకం తెరిచింది. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా తప్పులన్నీ చదివింది. ఉస్తాద్ భూతద్దం పెట్టి, వెల్లకిలా ఉన్నదాన్ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ ప్రతిదీ పరీక్షించాడు. పావుగంట పట్టింది.

"నలభై ఒకటీ నిజమే," అన్నాడు చివరికి. "అన్నీ సరిగ్గా దిద్దినావు. నా చేతులు బాగున్న రోజుల్లో కూడా నేనింత బాగా చెయ్యలేదు."

హైమవతి నోటుపుస్తకం మూసింది. బీరువా వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

"ఇప్పుడు నిలబెట్టు," అన్నాడాయన.

ఆమె విమానాన్ని రెండు చేతులా తీసి బల్ల మధ్యలో పెట్టింది. మూడు చక్రాలూ బల్లకు ఆనాయి. చేతులు తీసేసింది.

విమానం ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముక్కు చక్రం మెల్లగా పైకి లేచింది. తోక టక్కుమని బల్లకు తగిలింది. విమానం ముక్కు పైకెత్తి పైకప్పు రేకుల వంక చూస్తూ కూర్చుంది.

ఆమె ముక్కు కిందికి నొక్కి వదిలింది. మళ్ళీ టక్కుమంది. ఇంకోసారి. అదే చప్పుడు.

యాదగిరి చప్పున ముందుకొచ్చి ముక్కు మీద చూపుడువేలు ఆనించి పట్టుకున్నాడు. విమానం నిలబడింది. అతను ఆ వేలు తియ్యడానికి భయపడుతున్నట్టు అలాగే ఉండిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది అనిపించింది హైమవతికి. తల కొట్టేసినట్టయింది.

"తోక కింద సన్నటి గాజుపుల్ల అతికించొచ్చు, ఉస్తాద్," అంది. "దూరానికి కనపడదు."

"అసలుదానికి పుల్ల ఉండాదా?"

"లేదు."

"వేలు తియ్యి, యాదగిరీ," అన్నాడు ఉస్తాద్. యాదగిరి తీశాడు. టక్కుమంది.

ఆయన లేచి బీరువా తెరిచి, పాత ఫైలులోంచి ఒక కాగితం తీసుకొచ్చి ఆమె ముందు పరిచాడు. ముడతలు పోయేలా ఇస్త్రీ చేసి దాచాడు దాన్ని. అడ్డంగా రెండు ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి.

ఆమె చెయ్యి అలవాటు కొద్దీ సంచిలోకి వెళ్ళి ఎర్ర పెన్ను తీసింది. ఉస్తాద్ ఆ పెన్ను మెల్లగా తీసుకుని, మూత పెట్టి, తన జేబులో వేసుకున్నాడు. బల్ల మీది మొద్దు పెన్సిలు ఆమె వేళ్ళ మధ్య పెట్టాడు.

"దిద్దు, టీచరమ్మా," అన్నాడు.

హైమవతి యాదగిరి పక్కన బెంచీ మీద చోటు చేసుకుని కూర్చుంది. మొదటి బొమ్మ మీద పెన్సిలు ఆనించింది. పైలట్ కూర్చునే సీటు. దాని నాలుగు గీతలూ దిద్దింది. ముందు చెయ్యి తొందరపడింది, గీత తప్పింది. చెరిపి, మళ్ళీ నెమ్మదిగా దిద్దింది.

రెండో బొమ్మలో విమానం ముక్కు, లోపలి వైపు. సీటు వెనక ఖాళీలో గోటి అంత సున్నా ఒకటి గీసి ఉంది. దానిలో ముప్పై గ్రాములు అని రాసుంది. పక్కన చిన్న తక్కెడ బొమ్మ. ఆమె కొట్టిన ఎర్ర గీత సరిగ్గా దాని మీదుగానే వెళ్ళింది.

బల్ల మీది విమానం వైపు చూసింది. తోకవైపు తాను చొప్పించిన ప్లాస్టిక్, పుట్టీ అంతా గుర్తొచ్చింది. ముక్కులో మాత్రం ఆ ముప్పై గ్రాముల బరువు లేదు, ఉత్త గాలే. కళ్ళలో నీళ్ళు తిరిగితే చీర కొంగుతో ఒత్తుకుంది.

కావలసింది దొరికింది కదా అని అక్కడ ఆపెయ్యొచ్చు. ఆపలేదు. సున్నాను దిద్దింది, తక్కెడను దిద్దింది, మూడో బొమ్మకు వెళ్ళింది. యాదగిరి తెచ్చిపెట్టిన టీ చల్లారిపోయింది. ఎడమ చక్రాన్ని కుడివైపు చూపించిన బొమ్మ వచ్చినప్పుడు ఒక నిమిషం ఆగింది. తర్వాత దాన్ని కూడా ఉన్నదున్నట్టు దిద్దింది.

ఆఖరి గీత అయ్యేసరికి ఒంటిగంట కావొచ్చింది. మిగతావాళ్ళు చెప్పులు వేసుకుంటున్నారు. తాళంచెవి సంగతి అడగాలని ఆమెకు తోచనే లేదు.

ఉస్తాద్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "తప్పులెన్నంటివి?"

"నలభై రెండు, ఉస్తాద్. ఆఖరిది నాది."

ఆయన తల ఊపాడు. లేచి వెళ్ళి, సన్నటి రంపం, గాలానికి కట్టే సీసపు గుండ్లున్న రేకు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. డబ్బా మూత మీద బీరువా తాళంచెవి ఉంది.