సుంకమ్మ గోరు

మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని రోజుల్లో, మల్లెతోటల మీద బతికే ఊరొకటి ఉండేదట. ఆ ఊళ్లో సుంకమ్మ అనే ముసలామె పుల్లలేరి అమ్ముకునేది. ఏ పుల్లనైనా విరిచేముందు బొటనవేలి గోటితో గీకి చూసేది. లోపల పచ్చగా ఉంటే వదిలేసేది. పచ్చిపుల్ల పొయ్యిలో పెడితే పొగ తప్ప మంటేదీ? గీకి గీకి ఆ గోరు నల్లగా మొద్దుబారింది. పిల్లలు ఎగతాళి చేస్తే తనూ నవ్వేది.

మూడేళ్లు వాన లేదు. మొదటి ఏడు పూలు పోయాయి. రెండో ఏడు ఆకులు పోయాయి. మూడో ఏడు ఊరంతా తట్టాబుట్టా సర్దుకుంది. తోటల పెద్ద తిమ్మప్ప సుంకమ్మను పిలిచి, పొదలన్నీ చచ్చాయి, పెకలించి నువ్వే తీసుకుపో, మేం వలస పోతున్నామన్నాడు. అన్ని పొదలంటే ఆమెకు ఏడాది తిండికి ఢోకా లేదు. సంబరంగా గునపం పట్టుకెళ్లింది.

అలవాటు ఊరుకుంటుందా? కొమ్మ చివర గీకింది. ఎండు. నడుమ గీకింది. ఎండు. వంగి, మొదలు దగ్గర, మట్టికి ఆనుకుని గీకింది. బెరడు కింద సన్నటి పచ్చపొర. గోటికి తడి తగిలింది.

నోరు మూసుకుంటే అడిగేవాళ్లెవరు? పాపం, ఆకలి గుర్తొచ్చింది. అయినా మనసొప్పలేదు. గునపం అక్కడే పారేసి బండ్ల దగ్గరికి పరుగెత్తింది.

"తిమ్మప్పన్నా, చెట్టు చావలేదు. బెరడు కింద ప్రాణముంది. నేను పచ్చిపుల్ల కొట్టను."

ముసలిదానికి ఆకలితో మతి పోయిందనుకున్నాడు తిమ్మప్ప. సుంకమ్మ అతని చెయ్యి పట్టి తోటలోకి లాక్కెళ్లి, అతని గోటితోనే గీకించింది. గోరు పచ్చబడింది. అంత పెద్దమనిషీ అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఎడ్లను విప్పేశారు. పచ్చ తగిలేదాకా ఎండుకొమ్మలు నరికి, అవన్నీ సుంకమ్మకే ఇచ్చారు. ఏటి ఇసుకలో తవ్వుకున్న చెలమలో ఊరిన తాగేనీళ్లలోంచే పొదకో చెంబెడు పోశారు. వానలొచ్చేదాకా అలాగే కాపాడుకున్నారు. వానలు పడ్డాక ఆ పచ్చపొర దగ్గరే చిగుళ్లు పొడుచుకొచ్చాయి. మరుసటి వేసవికి ఊరంతా మల్లెల వాసన.

సుంకమ్మ పోయినరోజు ఇంటింటి నుంచీ కట్టెలు తెచ్చారు. చితిలో పచ్చిపుల్ల ఒక్కటున్నా ఆమె ఒప్పుకోదని, ప్రతి కట్టెనూ తిమ్మప్ప తన గోటితో గీకి మరీ పేర్చాడట.

ఇప్పటికీ మావైపు చెట్టు ఎండిందని వెంటనే పెకలించరు. చివర గీకుతారు, నడుమ గీకుతారు. మూడోసారి వంగి, "సుంకమ్మా, నీ గోరివ్వు తల్లీ" అని మొదలు దగ్గర గీకుతారు. మా అమ్మా అంతే, నేనూ అంతే. పచ్చ కనబడితే ఆ గోటిని కళ్లకద్దుకుని, చెంబెడు నీళ్లు పోసి వస్తాం.