పన్నీట మునిగిన ఓపల్

ఎప్పటి సంగతో గానీ, ఒక రాజ్యంలో ఉత్తుంగభూపతి అని ఒక రాజుండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆడంబరం మాత్రం ఇంతా అంతా కాదు. తలపాగా లేని మగవాణ్ణి దర్బారు గడప తొక్కనివ్వొద్దని కావలివాళ్ళకు ఆజ్ఞ! ఖజానాకు ఏ కొత్త రత్నం వచ్చినా, ఒక రాత్రంతా పన్నీటిలో నానాల్సిందే.

ఒకరోజు తిప్పక్క అనే గనికూలీ రాజుకు ఓపల్ రాయి తెచ్చిచ్చింది. కొండ అడుగున బంకమట్టి పొరల్లో ఏళ్ళ తరబడి తవ్వితే దొరికిందట. అబ్బ, అదేం రాయండీ! పాల తెలుపు మీద ఎరుపూ, పచ్చా, నీలమూ. ఇటు తిప్పితే ఒక రంగు, అటు తిప్పితే ఇంకో రంగు. మెరుపు నేలలో దిగి గడ్డకడితే ఈ రాయి పుడుతుందని పూర్వం జనం నమ్మేవారు. చూస్తే మనమూ నమ్ముతాం.

రాజు మురిసిపోయి దాన్ని పన్నీట్లో వేయించాడు. తెల్లారి చూస్తే రంగులు మాయం! ఉత్త గాజుముక్కలా ఉంది.

"గారడీ చేసి గాజు అంటగట్టింది! రేపు దర్బారులో దీని చెయ్యి నరికించండి!" అని రాజు మండిపడ్డాడు.

"అయ్యో, నా చేతుల్తో తవ్వి తీసిన రాయి దొరా!" అని తిప్పక్క గొల్లుమంది.

విదూషకుడు కోనప్పకు ఆ రాయి నీళ్ళు పీల్చుకుందేమోనని అనుమానం వచ్చింది. "రేపటిదాకా దీన్ని నా దగ్గర ఉంచండి ప్రభూ" అని అడిగి తీసుకుని, ఎండలో ఆరబెట్టాడు. సాయంత్రానికి రంగులన్నీ తిరిగొచ్చాయి. ఆ మాట చెబితే రాజు వింటాడా? రాయి మళ్ళీ మార్చారంటాడు!

మర్నాడు దర్బారు వాకిట, రాజును ఎన్నడూ చూడని కొత్త కావలివాణ్ణి నిలబెట్టాడు కోనప్ప. రాజు తలంటి పోసుకుంటుండగా, "రాయికి రంగులొచ్చాయి, పరుగున రండి!" అని కబురు పంపాడు. రాజు ఆత్రం పట్టలేక తడి పంచెతో, తలమీద కుంకుడు నురుగుతో పరుగెత్తుకొచ్చాడు.

కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఎవడివయ్యా? తలపాగా ఏదీ?"

"ఓరి, నేను రాజునిరా!"

"అలాగా? నేను రాణీగార్ని. వెళ్ళవయ్యా!"

లోపలున్న సభంతా వాకిటి వైపు తొంగిచూసింది. కోనప్ప తాపీగా బయటికొచ్చి చేతులు కట్టుకున్నాడు. "వీడు చెప్పిందీ నిజమే ప్రభూ. నిన్నటి కాంతి ఏదీ కనబడటం లేదు. తమరిని ఎవరో మార్చేశారేమో!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! స్నానం చేసినంత మాత్రాన నేను రాజును కాకుండా పోతానా?" అని అరిచాడు రాజు.

"తిప్పక్క రాయి కూడా నిన్న ఇదే అడగాలనుకుంది ప్రభూ. దానికి నోరు లేదు" అంటూ కోనప్ప గుప్పిట విప్పాడు. ఎండ తగిలి ఆ రాయి రంగులన్నీ విరజిమ్మింది.

రాజు రాయిని చూశాడు. తన తడి పంచె చూసుకున్నాడు. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత కళ్ళల్లోకి కారిన కుంకుడు రసం తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు.

"తల్లీ, నీ చేతులు చల్లగా ఉండాలి!" అని తిప్పక్క రెండు చేతులకూ బంగారు కడియాలు తొడిగించాడు. కోనప్పకు తన తలపాగానే బహుమతిగా ఇచ్చాడు.

ఆ రాయికి మళ్ళీ ఎవరూ స్నానం చేయించలేదు. కావలివాడికి మాత్రం రాణీగారి దగ్గర్నుంచి ఒక పట్టుచీర అందింది.