దూదిపిల్లీ, మంచం పట్టిన అత్తా

సర్దుకుని పడుకోండర్రా. తులసీ, నా మోకాలి మీదకి ఎక్కకు, అది పొద్దుటి నుంచీ సలుపుతోంది. కథ కావాలా? ఇవాళ నాకు ఒంట్లో ఓపిక లేదు. సరే, చెబుతాను గానీ మధ్యలో నేను కునుకు తీస్తే లేపండి.

అనగనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో అందరూ నేతగాళ్ళే. తెల్లారిందంటే ఇంటింటా మగ్గం చప్పుడే. రాజు ఉన్నాడా అంటావా కిట్టూ? ఉన్నాడు గానీ ఈ కథలోకి రాడు. ఆయనకి పిల్లుల గొడవ ఎందుకు?

ఆ ఊళ్ళో గవరయ్య అని ఒకడు. నేతలో నేర్పరి, మిగతా అన్నిట్లో వెర్రిబాగులవాడు. వాడి పెళ్ళాం వరాలు. వాడి తల్లి పాపాయమ్మ. పాపాయమ్మ వానలు మొదలైనప్పుడు నూతి దగ్గర జారిపడి మంచం పట్టింది. నడుం కింద నుంచి కాళ్ళు రావు. లేపాలంటే వరాలే, తుడవాలంటే వరాలే, బట్టలు మార్చాలంటే వరాలే. ఆ ఇంట్లో నాలుగో ప్రాణి ఒక తెల్లపిల్లి. దాని పేరు దూది. నూలుకి గంజి పెడతారు కదా, ఆ గంజి వాసనకి ఎలుకలు వస్తాయి. దూది తిరుగుతున్నంతకాలం ఎలుక ఒక్క పోగు తెంపలేదు.

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఒకరోజు వీధిలో దూది తోక మీద నుంచి బండిచక్రం పోయింది. ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి మగ్గం కింద దూరింది. తోక తాడులా వేలాడుతోంది. అన్నం ముట్టలేదు, లేవలేదు. పిల్లి పడుకుంటే ఎలుక లేచింది. ఎలుక లేస్తే పోగు తెగింది. పోగు తెగితే మగ్గం ఆగింది. మగ్గం ఆగితే పొయ్యి ఆరింది.

మర్నాటికి దూది పొట్ట ఉబ్బింది. ఇసుకలో కూర్చుంటుంది, ముక్కుతుంది, చుక్క రాదు. నవ్వకు కిట్టూ. ఉచ్చ రాకపోతే ఎంత బాధో పడ్డవాళ్ళకి తెలుస్తుంది. పక్కింటావిడ వచ్చి దీనికి దయ్యం పట్టింది, వేపమండలతో దిగతుడవమంది. తుడిచారు. దయ్యం పోలేదు, ఉచ్చా రాలేదు. గవరయ్యకి ఒక ఆలోచన వచ్చింది. నీళ్ళు పోస్తేనే కదా నీళ్ళు వస్తాయి అని కొబ్బరినీళ్ళు తెచ్చి, నోరు తెరిచి మరీ పట్టించాడు. పొట్ట ఇంకా ఉబ్బింది. మంచంలోంచి పాపాయమ్మ అంది కదా, దాన్ని ఏటిగట్టున వదిలేసి రండి, ఒక ఇంట్లో ఒక కంపు చాలు అని.

వరాలు ఆ మాట వింటూనే లేచింది. పిల్లిని గుడ్డలో చుట్టుకుని పక్క ఊరికి నడిచింది. అక్కడ ఎర్రయ్య తాత అని పశువుల వైద్యుడు ఉండేవాడు. ఆయన దూదిని ఒళ్ళో పెట్టుకుని పొట్ట తడిమాడు.

"చక్రం కింద తోక సాగినప్పుడు దాని మొదట్లో నరం దెబ్బతింది తల్లీ. ఉచ్చ పొయ్యమని చెప్పేది ఆ నరమే. అది పడుకుంది. ఉచ్చతిత్తి నిండిపోయింది, రెండ్రోజులు ఇలాగే ఉంటే పిల్లి దక్కదు," అన్నాడు.

"నరం మళ్ళీ లేస్తుందా తాతా?"

"లేవొచ్చు, లేవకపోవచ్చు. లేచేదాకా ఆ పని నీ చేత్తో చెయ్యాలి."

ఆమె వేళ్ళు పట్టుకుని చూపించాడు. పొత్తికడుపులో నిమ్మకాయంత ఉండ తగులుతుంది. దాన్ని రెండువైపులా పట్టుకుని, మెల్లిగా, తోకవైపుకి నొక్కాలి. గట్టిగా నొక్కితే పగులుతుంది, నొక్కకపోతే నిండుతుంది. రోజుకి నాలుగుసార్లు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి పొడిగుడ్డ వెయ్యాలి. ఉప్పులేని చేపనీళ్ళు కాస్త కాస్త పట్టాలి. ఎంత నొక్కినా చుక్క రాకపోయినా, ఎర్రగా వచ్చినా వెంటనే తన దగ్గరికి తీసుకురావాలి. ఆయన నొక్కగానే ధార వచ్చింది. దూది కళ్ళు మూసుకుంది. వరాలుకి కూడా ఊపిరి అందింది.

ఇక అక్కణ్ణుంచి చూడండి వరాలు పాట్లు. అత్తని లేపడం, పిల్లిని నొక్కడం, పొయ్యి రాజెయ్యడం. అత్తని తుడవడం, పిల్లిని తుడవడం, గుడ్డలు ఉతకడం. తెగిన పోగులు అతకడం. మళ్ళీ అత్త, మళ్ళీ పిల్లి, మళ్ళీ గుడ్డలు. పది రోజులు అయ్యేసరికి నిలబడి అన్నం కలుపుతూనే నిద్రపోయేది.

తులసీ, నిద్రొస్తోందా? లేదా? నాకు వస్తోంది.

పన్నెండో రోజు మిట్టమధ్యాహ్నం వరాలు గోడకి ఆనుకుని ఒక్క నిమిషం కళ్ళు మూసింది. తెరిచేసరికి ఎండ వాలిపోయింది. దూది పొట్ట రాయిలా ఉంది, అరవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి మూస్తోంది. వరాలు దాని పక్కన కూలబడి ఏడ్చింది. అలిసిన చేతులతో గట్టిగా నొక్కేస్తే పగులుతుందేమోనని భయం.

"పోనీ పోవే. నా వల్ల కాదు. ఇంక నా వల్ల కాదు," అంది.

మంచంలోంచి పాపాయమ్మ ఆ మాట విన్నది. తల ఇటు తిప్పి పిల్లిని చూసింది. తర్వాత అంది.

"దాన్ని ఇలా తే."

"నీకెందుకు అత్తా, కంపు అన్నావుగా."

"అన్నాను. దాన్ని చూసి అన్న మాట కాదు అది, నన్ను చూసుకుని అన్నాను. కాళ్ళు పోయాయి గానీ నా చేతులు పోలేదు. నలభై ఏళ్ళు పోగు తెగకుండా పట్టిన చేతులు. తే."

వరాలు మంచం తల వైపు దిండ్లు పేర్చి అత్తని కూర్చోబెట్టి, పిల్లిని ఒళ్ళో పెట్టింది. ఎక్కడ పట్టాలో చూపించింది. పాపాయమ్మ వేళ్ళతో వెతికింది, దొరికింది. పోగు బిగువు చూసినట్టు చూసి, అంతే మెల్లిగా నొక్కింది. గిన్నెలోకి ధార పడింది. దూది నోరు మూసుకుని కళ్ళు వాల్చింది.

"వెళ్ళి పడుకో. ఇక నాలుగుసార్లూ నేనే చూసుకుంటాను," అంది పాపాయమ్మ. వరాలు రెండడుగులు వేశాక వెనక్కి పిలిచింది.

"పడుకునేముందు నాకు ఒక చెంబు నీళ్ళు ఇయ్యి. నిండుగా."

వరాలు నీళ్ళిచ్చింది. పాపాయమ్మ గుటగుటా తాగింది, ఇంకో చెంబు అడిగింది. అప్పుడు తెలిసింది వరాలుకి. నీళ్ళు తాగితే మాటిమాటికీ ఉచ్చకి కోడలు తనని లేపాల్సి వస్తుందని ఆ ముసలిది ఇన్నాళ్ళూ గుక్కెడు గుక్కెడుతో సరిపెట్టుకుంటోంది. పెదాలు పగిలినా అడగలేదు.

"దాహమైతే అడగాలి కదా అత్తా," అంది వరాలు.

"అలిసిపోతే నువ్వూ చెప్పాలి కదే," అంది అత్త.

ఊ కొట్టండమ్మా, అయిపోవచ్చింది. ఆ తర్వాత పిల్లి పని అత్తది. అత్త పని మాత్రం వరాలు ఒక్కతే చెయ్యలేదు, బరువు ఎత్తేచోట గవరయ్యని పిలిచింది. వెర్రిబాగులవాడైనా చేతులు గట్టివే. ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదంటే, వాడికి తోచలేదు, ఈమె అడగలేదు.

ఇరవై ఏడో రోజు పొద్దున పాపాయమ్మ నొక్కబోయింది. ఉండ మెత్తగా ఉంది. ఒడి వెచ్చగా తడిసింది. ఎవరూ నొక్కకుండానే దూది పోసేసుకుంది. ఆ ముసలిది చీర తడిసిందని ఎవరినీ కేకెయ్యలేదు. పిల్లి తల నిమురుతూ అలాగే కూర్చుంది. వరాలు వచ్చి చూసేసరికి అత్త కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

దూది తోక మళ్ళీ నిలబడలేదు, వేలాడుతూనే ఉండేది. ఎలుకలకి తోకతో పనేముంది, పళ్ళంటేనే భయం. మగ్గం ఆడింది, పొయ్యి వెలిగింది. పాపాయమ్మ కాళ్ళు కూడా రాలేదమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ మంచంలో కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టిచ్చేది, కోడలితో కబుర్లు చెప్పేది. అందరూ సుఖంగా ఉన్నారు.

కాబట్టి ఏమిటంటే, చాకిరీ చేసేవాళ్ళకీ ఒంట్లో అలుపు ఉంటుంది, చేయించుకునేవాళ్ళకీ చేతుల్లో సత్తువ ఉంటుంది. నోరు తెరిచి చెప్పుకోవాలి.

కథ కంచి దారి పట్టింది. దుప్పటి మీరు కప్పుకుని, నా కాళ్ళ మీద కూడా కాస్త కప్పండి.