షాంపేను సీసాలకి లాలపోసిన వాళ్ళు

జట్కా అప్పలకొండ ఇంట్లో ముగ్గురే మనుషులు. అప్పలకొండ, పెళ్ళాం నూకాలు, తమ్ముడు పైడయ్య. తమకి తెలివి ఎక్కువని ముగ్గురూ ఒప్పేసుకున్నారు. "ఇంత తెలివి ఉంది కదా, తలుపు తీసి ఉంచితే పొరుగింట్లోకి కారిపోదూ!" అనేది నూకాలు. పైడయ్య వెంటనే కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేవాడు.

వాళ్ళకో ముసలి గుర్రం, పేరు చిట్టెమ్మ. పాపం, ఇంక జట్కా లాగలేదు. దానికి గడ్డి పెట్టే స్తోమతు వీళ్ళకి లేదు. ఊరి బయట రాజుగారి గుర్రపుశాలలో ఆ ఆదివారం గుర్రాలు అడ్డకర్రల మీంచి గెంతే పోటీ. పెద్దపెద్దవాళ్ళొచ్చి షాంపేను తాగుతూ చూస్తారట. ముగ్గురూ ఆవేళకి అక్కడ పనికి కుదిరారు.

"ఇవాళ సరిగ్గా పనిచేస్తే మీ చిట్టెమ్మకి బతికినన్నాళ్ళూ మా శాలలోనే దాణా. తప్పు చేశారో, సంతకి తోలుకుపోవాల్సిందే," అన్నారు రాజుగారు.

నూకాలు చేతులు జోడించింది. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం బాబూ!"

"ఈ సీసాలు సముద్రాలు దాటి వచ్చాయి. పసిబిడ్డల్లా చూసుకోండి," అని షాంపేను పెట్టిన ఐసు తొట్టి చూపించి వెళ్ళారు రాజుగారు.

అంతే. నూకాలు ఐసు తొట్టిలోకి తొంగిచూసి లబోదిబోమంది. "పసివాళ్ళని మంచుగడ్డల్లో పడుకోబెట్టారే! జలుబు చెయ్యదూ!" గబగబా వేణ్ణీళ్ళు కాచింది. సీసాలకి నలుగు పెట్టి లాలపోసింది. సాంబ్రాణి పొగ వేసింది. ఒక్కోదానికీ దిష్టిచుక్క పెట్టింది. పైడయ్య చీరతో ఉయ్యాల కట్టి, పన్నెండింటినీ అందులో వేసి గంటసేపు ఊపాడు.

"వదినా, లోపల బుసబుసమంటున్నాయే!"

"కడుపుబ్బరం నాయనా. భుజానేసుకుని వీపు తట్టు."

తట్టాడు. ఇంకేముంది! రాజుగారు వచ్చి మొదటి సీసా బిరడా అలా కదిపారో లేదో, అది ఢామ్మని ఎగిరి దేవమ్మగారి టోపీని ఎత్తుకుపోయింది. ఆవిడే ఆవేళ పెద్ద అతిథి. ఆ టోపీకి ఎన్ని ఈకలో, నెమలి చూస్తే సిగ్గుపడాలి. నురగంతా ఆవిడ పట్టుచీర మీద పడింది. నూకాలు పరిగెత్తుకెళ్ళి కొంగుతో తుడుస్తూ, "పసివాడమ్మా, పాలు కక్కాడు. ఏమీ అనుకోకండి," అంది.

రాజుగారు పళ్ళు నూరారు. "మీరింక సీసాలు ముట్టొద్దు! అప్పలకొండా, ఈ ఒక్క గ్లాసూ పట్టుకో. అడ్డకర్ర పడకుండా గెంతి ఎవరు గెలిస్తే వాళ్ళకివ్వు, చాలు."

తెల్లగుర్రం గెలిచింది. దానిమీదున్నాయన నవ్వుతూ చెయ్యి చాపాడు. అప్పలకొండ ఆ చేతిని పక్కకి నెట్టేశాడు.

"తమరు ఊరికే కూచున్నారు కదా బాబూ! గెంతింది ఇదీ!"

గ్లాసు గుర్రం నోట్లో వంచాడు. అది గుటకేసింది, ఏడుసార్లు తుమ్మింది, బహుమతులు పెట్టిన బల్లమీంచి ఒక్క గెంతు గెంతింది. "చూశారా, అడక్కుండానే ఇంకోటి గెంతింది!" అని పైడయ్య చప్పట్లు కొట్టాడు.

"ఆ ముసలి గుర్రాన్ని ఇప్పుడే తోలుకుపోండి!" అని అరిచారు రాజుగారు.

నూకాలు చిట్టెమ్మ మెడ పట్టుకుని గొల్లుమంది. టోపీ పోయిన దేవమ్మగారేమో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఇన్నేళ్ళుగా ఈ పోటీలకి వస్తున్నాను రాజుగారూ, నవ్వింది ఇవాళే. నామాట విని ఆ ముసలిదాన్ని ఉండనివ్వండి."

ఆవిడ మాట కాదనలేరు కదా. "సరే, అది ఉంటుంది. మీరు ముగ్గురూ మాత్రం ఈ గేటు దాటి ఇంకెప్పుడూ లోపలికి రాకూడదు!"

తెల్లారింది. చిట్టెమ్మ నూకాలు చేత్తో పెడితే తప్ప తినదు. ముగ్గురూ నానబెట్టిన ఉలవలు పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు.

"గేటు దాటొద్దన్నారు. దాటకూడదయ్యా," అంది నూకాలు.

"దాటితేగా!" అన్నాడు అప్పలకొండ.

అంతే. అన్నదమ్ములిద్దరూ గేటు ఊడదీసి, మోసుకెళ్ళి, దూరంగా చేలో పడుకోబెట్టారు. దర్జాగా లోపలికెళ్ళి చిట్టెమ్మకి ఉలవలు తినిపించారు. మిగతా గుర్రాలు దారి చూసుకున్నాయి. ఒకటి, రెండు, ఇరవై... దుమ్ము లేపుకుంటూ రోడ్డెక్కాయి. రాజుగారు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

"ఓరి మీ తెలివి తగలెయ్యా! గుర్రాలన్నీ బయటికి పోయాయిరా!"

అప్పలకొండ ఆయన్ని జాలిగా చూశాడు. "బయటికెక్కడ బాబూ? గేటు అదిగో, చేలో ఉంది. ఒక్కటంటే ఒక్కటీ దాటలేదు."

"అయినా బాబుగారికి బెంగెందుకన్నా!" అని పైడయ్య చేలోకి ఒకటే పరుగు. పడుకోబెట్టిన గేటుకి గట్టిగా గడియ పెట్టి, దానిమీద బాసింపట్టు వేసుక్కూచున్నాడు.

"ఇంక హాయిగా పడుకోండి బాబూ! ఎలా పోతాయో నేనూ చూస్తా!"