రాజన్నకు మొక్కిన వెంట్రుకలు

“నిజం చెప్పినా జనం ఎందుకు వినరు మేడమ్?” అని విముక్త అడిగింది. అడిగింది అనడం కంటే నిలదీసింది అనడం న్యాయం.

విముక్త పిల్లల క్యాన్సర్ వార్డులో శిక్షణలో ఉన్న డాక్టరు. బొగ్గు గనుల కార్మిక సంఘంలో తిరిగిన మనిషి కూతురు. ఆ పేరు తండ్రి పెట్టిందే. “సమాచారం హక్కు, దయ కాదు” అని హాస్టల్ గది తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసుకుంది. పసిపిల్ల నొప్పి తగ్గించే సిరప్పు కోసం తల్లిదండ్రులు ఊరు విడిచి, కూలి విడిచి, బస్సులు మారి నగరానికి రావాల్సిన రోజుల్లో, డాక్టరు నోరు మూసుకోవడం కూడా నేరమేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

ఆ రోజు ఆమెకు కోపం తెప్పించింది నాలుగేళ్ళ సహస్ర ఇంటివాళ్ళు. పిల్ల పొట్టలో గడ్డ. అది ఎముకలకూ పాకింది. చికిత్స పనిచేస్తోంది, కానీ ఎంతవరకు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. విముక్త వాళ్ళను ఎదురుగా పెట్టుకుని ఇదంతా చెప్పింది. జబ్బుకు ఒక మందు, నొప్పికి ఇంకో మందు, రెండూ కలిసి నడవాలని చెప్పింది. నొప్పి మందు ఇస్తున్నామంటే చేతులెత్తేసినట్టు కాదని కూడా చెప్పింది. తండ్రి సంపత్ ప్రతి మాటకూ తల ఊపాడు. ఆసుపత్రిలో పేదవాడు ఊపే తలలో ఎంత ఒప్పుకోలు ఉంటుందో, ఎంత భయం ఉంటుందో ఎవరు కొలిచారు? తెల్లారేసరికి వాళ్ళు మూట కట్టుకున్నారు. పిల్లకు జబ్బు మందూ వద్దు, నొప్పి మందూ వద్దు, ఇంటికి పోతామన్నారు. ఆ సిరప్పు లేకుండా ఇంటికి పోతే ఆ పిల్ల ఎలా ఏడుస్తుందో విముక్తకు తెలుసు. చేరిన రోజున ఆ ఏడుపు విన్నది ఆమే.

“ఒక్క ముక్క దాచలేదు మేడమ్. మూఢత్వం వీళ్ళ మెదళ్ళకు సంకెళ్ళు వేసింది. సంతకం పెట్టించుకుని పంపేయడం తప్ప మనం ఏం చేస్తాం?”

డాక్టర్ తస్నీమ్ ఆ వార్డులోనే తల నెరిసిన మనిషి. శిష్యులు ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. లేచి నడిచేవారు, జవాబు కావలసినవాళ్ళు వెంట వెళ్ళాలి.

“టీ తాగావా?” అన్నారు.

“లేదు మేడమ్.”

“అయితే నోట్లో ఏమీ లేదు. మూసి ఉంచడం తేలిక. రా.”

మంచం మీద సహస్ర మగతగా పడుకుని ఉంది. నున్నటి తల, చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు. పక్కన తల్లి లావణ్య బట్టలు సంచిలో కుక్కుతోంది. సంపత్ తల్లి కనకవ్వ మూటకు ఆనుకుని నేల మీద కూర్చుంది. డాక్టర్లను చూడగానే, “కాయితం దెచ్చిన్రా?” అంది.

తస్నీమ్ ఆమె పక్కనే నేల మీద కూలబడ్డారు. “కాయితం తర్వాత చూద్దాం అవ్వా. పిల్లకు ఇట్ల ఎందుకైందని నువ్వు అనుకుంటున్నవు?”

విముక్తకు ఒళ్ళు మండింది. జబ్బు ఎందుకొచ్చిందో డాక్టరు చెప్పాలి గానీ అడగడమేమిటి?

సంపత్ అందుకున్నాడు. “మేడం జెప్పిండ్రు గదా, గడ్డ...”

“మేడం చెప్పింది నాకు తెలుసు సంపత్. అవ్వ ఏమంటదో ఇనాలె.”

కనకవ్వ పలకలేదు. తస్నీమ్ కూడా పలకలేదు. ఎవరి మంచం దగ్గరో సెలైన్ స్టాండు చక్రం కీచుమంది. విముక్త నోరు తెరవబోతే తస్నీమ్ అటు చూడకుండానే అరచెయ్యి అడ్డం పెట్టారు. ఆ నిశ్శబ్దాన్ని భరించడం కంటే రాత్రి డ్యూటీలు నయమనిపించింది విముక్తకు.

చివరికి ముసలామె గొంతు విప్పింది. “ఏమనాలె? మొక్కు దప్పినం. లేకలేక పుట్టిన పొల్ల. పుట్టెంటికలు రాజన్న కాడ తీపిస్తమని మొక్కినం. ఒక ఏడు మైల వచ్చె. ఇంకో ఏడు నాట్లని ఆగితిమి. ఇంతల మీ మందు వచ్చె. దేవునికి ఇస్తమన్న ఎంటికలు మెత్త మీద కుప్పలు కుప్పలు రాలిపాయె. దేవుని సొమ్ము గుంజుకున్న మందు పిల్లకు ఎట్ల వడ్తది? అవి రాలిన కాన్నుంచే నొప్పి ఎక్కువాయె. ఇంక మీ మందు ఒక్క సుక్క గూడ వద్దు.”

బొడ్డు సంచిలోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పింది. మెత్తటి నల్లటి వెంట్రుకలు. రోజూ పొద్దున్నే దిండు మీద నుంచి ఏరి దాచినవి.

లావణ్య చేతిలోని గౌను జారిపోయింది. “అత్తమ్మా, ఇది నాకు ఒక్కనాడు జెప్పలేదేంది?”

“నీకు జెప్పి ఇంక ఏడిపియ్యాల్నా? ఇప్పటికే సగమైతివి.”

విముక్త దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. మందుకు జుట్టు ఎందుకు రాలుతుందో, నొప్పి ఎందుకు పెరిగిందో శాస్త్రమంతా నాలుక చివరే ఉంది. కానీ ఆమె కళ్ళు ఆ గుడ్డ మూట మీదే ఆగిపోయాయి. తాను అంత వివరంగా చెబుతున్నప్పుడు ఈ మూట ఈ ముసలామె బొడ్లోనే ఉందన్న మాట! ఇందులో ఏముందని తానెప్పుడూ అడగలేదు.

“రాలినయి తీస్కపోతే ఆయన తీస్కుంటడా డాక్టరమ్మా?” అని కనకవ్వ అడిగింది.

“నాకు తెల్వదు అవ్వా. నేను నమాజు చేసుకునేదాన్ని. పోయి ఆయన్నే అడుగు.”

ముసలామె మొహంలో మొదటిసారి ఏదో సడలింది. “నువ్వైతే సక్కగ జెప్పినవు.”

“కానీ అంత దూరం బస్సుల పోతుంటే పిల్ల నొప్పికి ఏడ్వకుండ చూసే ఉపాయం నాకు తెలుసు. అది ఈ డాక్టరమ్మ చెప్తది.”

విముక్త గతుక్కుమంది. “మేడమ్, రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. ఆ జనంలో ఏదైనా సోకితే?” అంది గొంతు తగ్గించి.

“అదీ చెప్పు. ఎట్లా పోవాలో చెప్పు, చాలు.”

విముక్త నేల మీద కూర్చుంది. ఈసారి తానే అడిగింది. ఎట్లా పోతారు, దారిలో ఎక్కడ ఆగుతారు, గుళ్ళో ఎంతసేపు పడుతుంది? వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఒక్కొక్కటే చెప్పింది. కణాలు పెరిగేదాకా ఇక్కడే ఆగాలి, తర్వాతి విడత మందుకు ముందు వెళ్ళి రావాలి. సోమవారం వద్దు, జనం తొక్కిడి. మూతికి మాస్కు. సిరప్పు వేళకు పట్టాలి, పిల్ల ఏడ్చేదాకా ఆగకూడదు. ఒళ్ళు వెచ్చబడితే దర్శనం కాకపోయినా సరే, వెంటనే దగ్గరున్న పెద్దాసుపత్రికి. కనకవ్వ ఆ చివరి మాట దగ్గర మొహం ముడిచింది. “దర్శనం గాకున్నా?” అంది. “కాకున్నా,” అంది విముక్త. ముసలామె ఆలోచించి, సరే అంది.

ఆ సందడికి సహస్ర కళ్ళు తెరిచింది. “ఏడికి పోతున్నం?”

“రాజన్న కాడికి బిడ్డా.”

“కోడె తాడు నేనే వట్టుకుంట!”

ఆ గుడిలో మొక్కున్నవాళ్ళు కోడెను పట్టుకుని చుట్టూ తిప్పుతారు. “పట్టుకో. కానీ మీ నాన్న చంకలోంచే. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి,” అంది విముక్త.

“కోడె గూడ కడుక్కుంటదా?”

సంపత్ నవ్వాడు. ఆ వార్డులోకి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

కణాలు పెరిగాక వాళ్ళు వెళ్ళారు. విముక్త ఫోను చేతిలోంచి దించలేదు. అలా వెళ్ళి మళ్ళీ రానివాళ్ళు ఆ వార్డుకు కొత్త కాదు. ఏమైనా అయితే పంపింది తామే. ఒకసారి తస్నీమ్ గారి గది దాకా వెళ్ళి, తలుపు తట్టకుండానే తిరిగి వచ్చేసింది.

రావలసిన రోజున, మధ్యాహ్నం రౌండ్స్ జరుగుతుండగా వాళ్ళు వచ్చారు. సహస్ర తండ్రి భుజం మీద నుంచి అందరికీ కోడె కథ చెబుతోంది. “అది నా మాట ఇన్నది! నాయిన మాట ఇనలే!” లావణ్య విముక్త చేతిలో బెల్లపన్నం పొట్లం పెట్టింది. కనకవ్వ మూట దించుకుని గోడకు ఆనుకుంది.

“ఆయన తీస్కున్నడో లేదో జెప్పలే గని, పొల్ల పోంగ రాంగ కమ్మగ పండుకున్నది. మందు మంచిగనే ఉన్నది,” అంది. కాసేపు ఊపిరి పీల్చుకుని, విముక్త కొంగు పట్టి తన వైపు లాగింది. “ఇగో బిడ్డా. మొన్న నువ్వు శానా జెప్పినవు. నాకు ఒక్క ముక్క చెవుల వడలే, నా భయం నాకున్నది. ఇప్పుడు జెప్పు. నా మనుమరాలికి ఏమైతది?”

విముక్త ఎన్నిసార్లో చెప్పిన మాటలే అవి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. అయినా ఆమె తల తిప్పి గురువు వైపు చూసింది.

తస్నీమ్ పక్క మంచం మీది పిల్లవాడి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి వింటున్నారు. తల ఎత్తలేదు.

“అడిగింది నిన్ను,” అన్నారు.