మరిడయ్య పానా

అనకాపల్లి రైఫిల్ క్లబ్బులో ఎయిర్ రైఫిళ్లకు గాలి నింపే మరిడయ్యకు ఒకటే లోపం ఉండేది: బిగుసుకున్నది ఏదైనా సరే, ఇంకాస్త బలం వేస్తే లొంగి తీరుతుందని నమ్మేవాడు.

ఆ నమ్మకం అతనికి ఊరికే రాలేదు. అంతకుముందు ఇరవై రెండేళ్లు హైవే పక్కన లారీ టైర్లకు గాలి కొట్టాడు. వానకు తడిసి తుప్పు పట్టిన నట్లు విప్పడం అతనికి రోజూ ఉండే పనే. చేత్తో రాకపోతే పానా వేసేవాడు. పానాకు కూడా రాకపోతే దాని చివర రెండడుగుల ఇనుప గొట్టం తొడిగి, ఆ గొట్టం మీద ఎక్కి నిలబడేవాడు. మనిషి సన్నగా ఉంటాడు గానీ, ఆ నట్టు మాత్రం కుయ్యోమంటూ తిరిగేది. టైరును సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, లోపల గాలి ఎంతుందో చప్పుడును బట్టి చెప్పేవాడు. గేజీ పెట్టి చూస్తే కాస్త అటూ ఇటూగా అంతే ఉండేది.

బైపాస్ రోడ్డు పడి లారీలన్నీ అటు మళ్లాక, గాలి పని తెలిసినవాడని క్లబ్బువాళ్లు మరిడయ్యను పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఫ్యాను కింద కుర్చీ వేశారు. పైగా అక్కడ తుపాకీ పేల్చడం నేర్చుకునే పిల్లలందరూ అతన్ని "మాస్టారూ" అని పిలిచేవారు. హైవే మీద అతన్ని అలా పిలిచిన నాథుడు లేడు. ఆ పిలుపు వినబడిందంటే మరిడయ్య నడుం నిటారుగా అయ్యేది.

కోచ్ హైమావతి మొదటి రోజే అతన్ని కంప్రెసర్ దగ్గర కూర్చోబెట్టి పని నేర్పింది. లారీ టైరులో ఉండే ఒత్తిడికి పాతిక రెట్లు పైగా రైఫిల్‌కు బిగించే ఈ మోచేతి పొడవు సిలిండర్‌లో ఉంటుందని చెప్పింది. నింపే ముందు సిలిండర్ మీద అచ్చు వేసిన గడువు తేదీ చూడాలి. మూతి దగ్గర నూనె, గ్రీజు తగలకూడదు. తొందరపడితే సిలిండర్ వేడెక్కుతుంది కాబట్టి మెల్లగా నింపాలి. గేజీలో ముల్లు రెండు వందలకు రాగానే కంప్రెసర్ ఆపేయాలి. తర్వాత కంప్రెసర్ నుంచి సిలిండర్‌కు వచ్చే గొట్టం పక్కనున్న నల్ల నాబు తిప్పితే, గొట్టంలో మిగిలిన గాలి బుస్సుమంటూ బయటికి పోతుంది. ముల్లు సున్నాకు దిగాకే సిలిండర్ విప్పాలి. గాలి నింపేటప్పుడు అందరూ నేల మీద గీసిన పసుపు గీతకు అవతలే ఉండాలి, కంటికి దెబ్బ తగలకుండా కళ్లద్దాలు పెట్టుకోవాలి.

"అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది, మరిడయ్యా" అంది చివర్లో. "సిలిండర్ రెండు వేళ్లతో తిప్పితే ఊడి రావాలి. రాలేదంటే గొట్టంలో ఇంకా గాలి ఉన్నట్టే. అప్పుడు చెయ్యి తీసెయ్యి."

మరిడయ్య బుద్ధిగా తల ఊపాడు. తల ఊపడం తేలికే. కొట్టిన గాలిని వదిలేయడం మాత్రం అతనికి ప్రాణసంకటంగా ఉండేది. కష్టపడి ఎక్కించిన గాలిని ఏ టైరు పనివాడైనా చేతులారా వదులుతాడా? గొట్టంలో మిగిలేది గుప్పెడు గాలి, దానికి ఇంత హడావుడి ఏమిటని లోలోపల అనుకునేవాడు. మేడమ్ చూస్తుంటే నాబు తిప్పేవాడు. చూడనప్పుడు సగం తిప్పి, సగంలోనే కట్టేసేవాడు. అప్పుడు సిలిండర్ కాస్త బిగువుగా వచ్చేది. అలా నాలుగు నెలలు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం తన పనితనమేనని మరిడయ్య అనుకున్నాడు. మనలో చాలామంది అనుకునేదీ అదే.

ఇంతలో రాష్ట్ర జూనియర్ జట్టు ఎంపిక పోటీలు ఆ క్లబ్బులోనే పెట్టారు. ఆ ఉదయం కంప్రెసర్ గది ముందు సిలిండర్లు పట్టుకుని నలభై మంది నిలబడ్డారు. హైమావతి రేంజిలో టార్గెట్లు సరిచూసే పనిలో ఉంది. పసుపు గీత ఎక్కడుందో కనబడనంతగా జనం గదిలోకి వచ్చేశారు. ప్రతివాళ్లూ నాది ముందు, నాది ముందు అంటుంటే మరిడయ్యకు మళ్లీ హైవే మీదికి వచ్చినట్టు అనిపించింది, ఒళ్లు తెలియని హుషారు వచ్చింది. కళ్లద్దాలకు చెమట పడుతోందని తీసి మేకుకు తగిలించేశాడు. ఒక్కో సిలిండర్‌కు అర నిమిషం మిగులుతుందని లెక్కవేసి, నాబు జోలికి పోవడం పూర్తిగా మానేశాడు. విప్పడానికి చేతులు చాలకపోతే సంచిలోంచి పాత పానా తీశాడు. అలా ఇద్దరు ముగ్గురివి గట్టిగా చప్పుడు చేస్తూ ఊడాయి కూడా. ఆ చప్పుడుకు అందరూ ఉలిక్కిపడితే, మరిడయ్య నవ్వాడు.

తర్వాతి వంతు తనూజది. కశింకోట నుంచి రోజూ బస్సులో వచ్చేది. తండ్రి బెల్లం మార్కెట్లో దిమ్మెలు మోసేవాడు. నాలుగేళ్లుగా ఆమె ఒక్క రోజు కూడా సాధన మానలేదు. వయసు దాటిపోతుంది కాబట్టి జూనియర్ జట్టుకు పోటీ పడడానికి ఆమెకు అదే ఆఖరి ఏడాది. ఆ సంగతి క్లబ్బులో అందరికీ తెలుసు, మరిడయ్యకూ తెలుసు. అందుకే ఆమె సిలిండర్‌ను ఆలస్యం కాకుండా ఇచ్చేయాలని మరీ ఆత్రపడ్డాడు. ఆ పిల్ల మీద అతనికి నిజంగా అభిమానం ఉండేది.

సిలిండర్ నిండింది. కంప్రెసర్ ఆపాడు. విప్పబోతే కదల్లేదు. పానా వేశాడు, అప్పటికీ కదల్లేదు. తనూజ ముందుకు వంగి గేజీ చూసింది.

"మాస్టారూ, ముల్లు ఇంకా రెండు వందల మీదే ఉంది" అంది.

"ముల్లుతో మనకేటమ్మా పని? నా సెయ్యి సెప్తాది కదా" అని మరిడయ్య కాలు గోడకు తన్నిపెట్టి, పానాను రెండు చేతులతో లాగాడు.

బిగుసుకున్నది ఈసారీ లొంగింది. టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. ఊడిన గొట్టం గాలిలో గిర్రున కొట్టుకుంది. దాని కొసనున్న ఇత్తడి ముక్క తనూజ కుడికంటి మీద తగిలింది. పానా ఎగిరి మరిడయ్య బొటనవేలి ఎముక విరగ్గొట్టింది, కానీ ఆ నొప్పి అతనికి సాయంత్రం దాకా తెలియలేదు. తనూజ రెండు చేతులతో ముఖం కప్పుకుని కూలబడింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. కుడికన్ను. గురి చూసే కన్ను. మరిడయ్య అక్కడే గోడకు జారబడ్డాడు.

ఆసుపత్రి వరండాలో గంటన్నర కూర్చున్నాడు.   చివరికి డాక్టరు బయటికి వచ్చి, ఆ అమ్మాయి కళ్లద్దాలు పెట్టుకుని ఉండబట్టి కన్ను దక్కిందని చెప్పాడు. అద్దం నెర్రె ఇచ్చిందే గాని పగల్లేదు. కనుబొమ మీద ఏడు కుట్లు పడ్డాయి. కన్ను వాచి మూసుకుపోయింది, తెరుచుకోవడానికి వారం పడుతుంది. పోటీలు మాత్రం వారం ఆగవు కదా. ఆ మధ్యాహ్నమే అవి ముగిశాయి. జట్టులో తనూజ పేరు లేదు.

క్లబ్బు సెక్రటరీ మంచివాడు, పైగా మొహమాటస్థుడు. మర్నాడు ఆసుపత్రిలో, గొట్టం పాతదై తెగిందని రిపోర్టులో రాసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదని తనూజ తండ్రి ఎదుటే అన్నాడు. మరిడయ్య కట్టు కట్టిన చేత్తో లేచి నిలబడ్డాడు.

"గొట్టం బాగానే ఉంది బాబూ" అన్నాడు. "గాలి వదలకుండా పానా ఏసింది నానే. పాప సెప్పింది కూడా. నాను ఇన్లేదు."

ఆ తండ్రి లోపలికి, కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

మరిడయ్య ఉద్యోగం మానేస్తానన్నాడు. హైమావతి ఒప్పుకోలేదు. మానేసి ఇంట్లో కూర్చుంటే ఎవరికీ ఏమీ నేర్పలేవు, కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ గాలి నింపడం ఇక నువ్వే చెప్పాలి, ఆ రోజు ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి అంది. అది శిక్షో, క్షమో మరిడయ్యకు అర్థం కాలేదు. కానీ చేశాడు.

మూడు వారాలకు తనూజ మళ్లీ క్లబ్బుకు వచ్చింది. ఇక సీనియర్లతో పోటీ పడాలి, అది ఎన్నేళ్ల పనో ఎవరూ చెప్పలేరు. కనుబొమ మధ్యలో తెల్లటి గీత పడింది. మరిడయ్య ఆమె ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు. ఆమె కోపంగా లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"ముల్లు దిగలేదని చెప్పాను కదా మాస్టారూ. ఎందుకు ఆగలేదు?"

మరిడయ్య తల ఎత్తాడు.

"నాకు బలం ఎయ్యడం తెలుసు గానీ, ఆగి సూడ్డం తెల్దమ్మా. ఇరవయ్యేళ్లు అది నన్నెవులూ అడగనేదు. నీ ఏడాది పోయాక తెలిసింది."

ఆ మాటకు ఇద్దరి కళ్లూ తడి అయ్యాయి. తర్వాత తనూజ సిలిండర్ అతని చేతికిచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, పసుపు గీతకు అవతల నిలబడింది. మరిడయ్య మెల్లగా గాలి నింపాడు. నాబు పూర్తిగా తిప్పి, ముల్లు సున్నాకు దిగేదాకా వేచి ఉన్నాడు. సిలిండర్ రెండు వేళ్లకే ఊడి వచ్చింది.

నీతి: ఒకటి కదలడం లేదంటే దానికో కారణం ఉంటుంది, ఆ కారణం తెలుసుకోకుండా బలం పెంచేవాడు తనకే కాదు, పక్కవాళ్లకూ చేటు తెస్తాడు.